ఫోటోలో పడిన విభూతి

ఆ రోజు ఫోనులో వాళ్ళు నాకు రెండు మాటలు చెప్పారు. అక్కకు నేను అందులో ఒకటే చెప్పాను. రెండోది కూడా చెప్పి ఉంటే ఆమె ఇవాళ బతికి ఉండేదా అంటే నాకు తెలియదు. డాక్టర్లు కూడా తేల్చి చెప్పలేదు. నేను చెప్పలేదన్నది మాత్రం తేలిన సంగతే.

ఆమె పోయి ఏడు నెలలైంది. మా వీధిలో ఆమె పేరెత్తితే ఇప్పటికీ ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది. "ఆస్పత్రోళ్ళు పిల్చినా పోలేదంట, మొండిది." ఆ మాట తప్పు. ఆ తప్పు నా వల్ల పుట్టింది. అందుకని ఇది రాస్తున్నాను.

తిరుత్తణి బస్టాండు పక్కన నాకొక అంగడి ఉంది. జిరాక్సు, ఆధార్ ప్రింటు, కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, పింఛను దరఖాస్తు, అన్నీ ఆన్‌లైన్లో పెడతాను. పొదటూరుపేట నుంచి కూడా జనం వస్తారు. ఆమెది మా వీధే. చుట్టరికం లేదు. చిన్నప్పటి నుంచి అక్కా అని పిలిచాను, ఆమె తంబీ అని పిలిచింది. అంతే.

మగ్గాల షెడ్డులో కండెలు చుట్టడం ఆమె పని. షెడ్డులో కరెంటు మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్క మనిషి మాట వినపడదు. అందులో ముప్ఫై ఏళ్ళు మాట్లాడిన గొంతు ఆమెది. గుసగుస అనేది ఆమెకు రాదు. ఒకసారి అంగడికి వచ్చి, బల్ల మీదికి వంగి, చుట్టూ చూసి, "ఎవురికీ చెప్పొద్దు తంబీ, నా గాజులు తాకట్లో పెట్టినా" అంది. బస్టాండులో నిలబడిన పళ్ళిపట్టు బస్సులోంచి కండక్టరు తల బయట పెట్టి, "ఏ అంగళ్ళోమ్మా?" అని అడిగాడు. ఆమె అంగడి పేరు చెప్పి, వడ్డీ ఎంతో కూడా చెప్పి, "నువ్వు పోవద్దు, వాడు కసాయోడు" అని సలహా ఇచ్చి పంపింది.

నడుము దగ్గర చీర మడతలో ఎప్పుడూ ఒక చిన్న డబ్బా ఉండేది. తలనొప్పి మందు అయిపోయాక కడిగిన డబ్బా. అందులో కొండ మీది మురుగన్ గుడి విభూతి. పొద్దున స్నానం కాగానే నుదుట మూడు గీతలు, రెండు చేతులకు, గొంతుకు, ఆ తర్వాత ఎద మీద ఒక చిటికెడు. అది ఆమె లెక్క. ఆపైన దారిలో ఎదురైన వాటికన్నింటికీ. ఏడ్చే పిల్లలకు, కండెలు చుట్టే చక్రానికి, కొత్తగా వచ్చిన బస్సు అద్దానికి. నా ప్రింటరు కాగితం పట్టేసి ఆగిపోతే, నేను మూత తీసి గిలకలు తిప్పుతుంటే, ఆమె వెనక నుంచి చెయ్యి చాచి దాని నెత్తిన విభూతి పెట్టేది. ఒకోసారి కదిలేది కూడా.

ఆ పొడి స్కానరు అద్దం మీద రాలేది. కాపీలు తీస్తే కాగితం నిండా చుక్కలు పడేవి. అద్దం తుడవలేక చచ్చేవాణ్ణి.

"నీ సామి నా జిరాక్సులో పడతా ఉండాడక్కా" అంటే,

"పడనీ తంబీ. వచ్చినందుకు దుడ్డు అడగడు కదా" అనేది.

ఈ చుక్కల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను ఆడిన అబద్ధానికి ఇవే చోటిచ్చాయి.

ఆమె భర్త పోయాక ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు అతని పేరు మీదే ఉండిపోయింది. దాన్ని ఆమె పేరుకు మార్చాలి. రేషన్ కార్డు, మరణ ధ్రువపత్రం, ఆధార్, అన్నీ ఒక పసుపు గుడ్డ సంచిలో పెట్టి తెచ్చి ఇచ్చింది. ముందు ఆదాయం సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టాలి. అప్పుడు బడులు తెరిచే రోజులు. అంగడి ముందు కులం సర్టిఫికెట్ల కోసం వరుస. రేపు చూద్దామని సంచి డెస్కు కింది సొరుగులో పెట్టాను. వారం తర్వాత ఆమె అడిగింది. పెట్టలేదని చెప్పడానికి నోరు రాలేదు.

"పోయిందక్కా. తాలూకాఫీసులో ఉంది" అన్నాను.

"ఆఫీసులో అంటే ఆలస్యమే కదా" అని, అక్కడ సంతకం పెట్టాల్సిన మనిషికి తగలాలని నా కంప్యూటరుకు విభూతి పెట్టి వెళ్ళింది.

ఒకసారి పోయిందని చెప్పాక సంచి బయటికి తీయడం కష్టమైంది. తీస్తే దరఖాస్తు మీద ఆ రోజు తేదీ పడుతుంది. ఆమె ఏ కాగితమైనా నా దగ్గరే చదివించుకుంటుంది, ఆ తేదీ ఆమెకు తెలిసేది కూడా కాదు. అయినా ఇంత చిన్న సంగతికి అంత భయపడ్డాను.

అలా ఉండగా రొమ్ము పరీక్షల వ్యాను వచ్చింది. ఎవరో స్వచ్ఛందంగా నడిపేవాళ్ళు. నేతగాళ్ళ సంఘం హాలు ముందు నిలిపారు. నలభై దాటిన ఆడవాళ్ళకు ఉచితం. ఫారాలు నింపడానికి నన్ను పిలిచారు. పేరు, వయసు, ఎంతమంది పిల్లలు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా, ఫోను నంబరు. ఫోను దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. కొందరికి ఫోను లేదు. ఉన్నవాళ్ళది మొగుడి జేబులోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. "ఆయనకు వద్దయ్యా, నీది రాసేయ్" అంది మొదటి మనిషి. తర్వాత అందరూ అదే. మా దగ్గర ఏ దరఖాస్తుకైనా అంగడి నంబరు ఇవ్వడం మామూలే. గ్యాసు బుకింగు మెసేజీలు కూడా నాకే వస్తాయి. ఆ రోజు వరుసగా ఫారాలన్నింటిలో నా నంబరే రాశాను.

వ్యానులోంచి దిగిన నర్సు ముందు అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. గడ్డ చేతికి తగిలే దాకా ఆగకూడదు, చేతికి తగలనిది కూడా ఈ యంత్రంలో కనిపిస్తుంది, అందుకే ఏ బాధా లేనప్పుడే తీయించుకోవాలి అంది. ఒంటి మీద పౌడరు, సెంటు ఉంటే తడిగుడ్డతో తుడుచుకోవాలి, లేకపోతే ఫోటోలో తెల్ల చుక్కలుగా పడి తికమక పెడతాయి అంది. ఆ మాట నేను బాగా విన్నాను.

ఎవరూ లేవలేదు. యంత్రం పెడితే లేని రోగం వస్తుందని ఒకావిడ గొణిగింది. అక్క లేచి వెళ్ళింది. పది నిమిషాల్లో రవిక గుండీలు పెట్టుకుంటూ దిగి, వ్యాను మెట్టు మీదే నిలబడి, వీధి చివరి దాకా వినపడేట్టు చెప్పింది.

"ఏం లేదు మే. అప్పడాల ముద్దను రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతాం చూడు, అంతే. ఊపిరి పట్టుకో అంటాది. పది లెక్కపెట్టేలోపల వదిలేస్తాది. ఈ పక్క రెండు, ఆ పక్క రెండు, నాలుగు ఫోటోలు."

"నొప్పి లేదా అక్కా?"

"ఉండాది. మీ అత్త మాటకన్నా తక్కువే."

హాలు ముందు ఉన్న మగవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఆడవాళ్ళు నవ్వుతూ వరుస కట్టారు. ఆ రోజు వ్యాను ఖాళీగా వెళ్ళకపోవడానికి కారణం ఆమె. ఇది కూడా రాసి ఉంచాలి. ఆస్పత్రి అంటే భయపడే మొండి మనిషి చేసే పని కాదది.

రెండు వారాలకు ఫోను వచ్చింది. అవతల ఒక అమ్మాయి, చాలా నెమ్మదిగా, అరవంలో మాట్లాడింది. అక్క పేరు చెప్పి, ఆమె ఎడమ పక్క ఫోటోలో చిన్న చిన్న తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయి అంది. "భయపడాల్సింది లేదు సార్. ఇలా పిలిపించిన వాళ్ళలో చాలామందికి ఏమీ ఉండదు." ఇది మొదటి మాట. "కానీ మళ్ళీ దగ్గరగా ఫోటో తీసి చూడాలి. ఆలస్యం చేయకుండా తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి రమ్మనండి. బీమా కార్డు ఉంటే తెమ్మనండి." ఇది రెండో మాట.

కార్డు అన్న మాట వినగానే కాలి దగ్గరున్న సొరుగు గుర్తొచ్చింది. "ఉంటే" అంది ఆ అమ్మాయి. అది నాకు చాలా కాలం తర్వాత గుర్తొచ్చింది.

సాయంత్రం షెడ్డు వదిలాక అక్క వచ్చింది.

"అక్కా, ఆ వ్యాను రోజు విభూతి పెట్టుకోనుంటివా?"

"పెట్టుకోకుండా యాడికైనా పోతానా?"

"ఎద మీద కూడానా? తుడుచుకోమన్నారు కదా."

"పౌడరు తుడుచుకోమన్నారు. విభూతి పౌడరా?"

"ఫోటోలో తెల్ల చుక్కలు పడినాయంట. భయపడొద్దని చెప్పినారు. నీ విభూతే అయ్యుంటాది."

 ఆమె బల్ల మీద అరచేత్తో కొట్టి నవ్వింది. "అంటే నా ఎదలో మురుగన్ కనపడినాడా! నీ జిరాక్సులోకి వచ్చినట్టు ఆ మిషన్లోకి కూడా పోయినాడా!"

నేను కూడా నవ్వాను. విభూతే అని నేను నిజంగా నమ్మానా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. సగం నమ్మాను. నమ్మితే సౌకర్యంగా ఉండింది. నిజంగా విభూతే అయినా తుడుచుకుని మళ్ళీ తీయించుకోవాలి కదా అన్న ఆలోచన నాకు రాకపోలేదు. ముందు కార్డు పని చేద్దాం, వచ్చాక చెబుదాం అనుకున్నాను. కార్డు లేకపోతే పరీక్షకు చేతి డబ్బు పడుతుందనీ, ప్రైవేటు స్కాను సెంటర్లో అడిగేది ఆమెకు పది రోజుల కూలి అనీ నాకు నేనే చెప్పుకున్నాను. పెద్దాసుపత్రికి ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు.

ఆ మాట ఊరంతా తిరిగింది. షెడ్డులో మగ్గాల మోతలో అరిచి చెప్పింది. ఆడికృత్తిక పండగకు పూల కావడి ఎత్తుకుని కొండెక్కుతూ, మెట్ల మీద ఆయాసం తీర్చుకుంటున్న ఎవరో పెరియపాళయం వాళ్ళకు కూడా చెప్పింది. "డాక్టర్లు మిషను పెట్టి చూస్తే నా ఎదలో సామి ఉండాడు. ఫోటో ఉండాది కావాలంటే." ముక్తాయింపుగా అరవంలో, "ఒన్నుమిల్లె, విభూది దా!" ఏమీ లేదు, విభూతే, అని. ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ నవ్వాల్సిన చోట నవ్వాను.

నెల తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. ఆమె రాలేదే అని అడిగింది. "చెప్పినా మేడం, వస్తారు" అన్నాను. అప్పుడు మాత్రం సంచి బయటికి తీశాను. ఆదాయం సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టాను. ఏదో సంతకం తక్కువని తిప్పి పంపారు. మళ్ళీ సొరుగులో పెట్టాను.

పదిహేను నెలలు గడిచాయి.

మధ్యలో ఎడమ భుజం లాగుతోందనేది. చక్రం తిప్పే చెయ్యి కాదు కదక్కా అంటే, ఇది దారం పట్టే చెయ్యి, దీనికీ అలుపుంటాది కదా అనేది. నూనె రాసింది, విభూతి రాసింది. తర్వాత ఒక ఉదయం అంగడికి వచ్చింది. నలుగురు ఉన్నారు లోపల. వాళ్ళ ముందే, ఎప్పటి గొంతుతోనే చెప్పింది.

"తంబీ, ఎడమ పక్క రొమ్ములో ఏదో గట్టిగా తగలతా ఉండాది. చింతగింజంత. ఈసారి విభూతి కాదు."

అంగడి షట్టరు దించాను. ఆమె కూతురు ఒక ఫోను విడిభాగాల కంపెనీలో పని చేస్తుంది, ఆ వారం పగటి షిఫ్టు. అందుకని నేనే తీసుకుపోయాను. తిరువళ్ళూరు దాకా లోకల్ రైలు. కిటికీ దగ్గర కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి గుడికీ దండం పెట్టింది. నేను పసుపు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆమె దాన్ని చూసింది. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

పెద్దాసుపత్రిలో చీటీ రాసే అతను ఆధార్ మాత్రమే అడిగాడు. నేను కార్డు సంగతి ఎత్తాను. అతను తల ఎత్తకుండానే, "పరీక్షకు కార్డెందుకు? ఆపరేషనంటే అప్పుడు కావాలి" అన్నాడు. అంతే. పదిహేను నెలలు నేను మోసిన భయానికి జవాబు ఆ ఒక్క ముక్క. వరుసలో మా వెనక మనిషి జరగమంటే జరిగాను.

ఫోటో తీశారు. అదే రోజు ఇంకో స్కాను చేశారు. రెండు రోజుల తర్వాత సూదితో ముక్క తీసి పంపారు. ఆ రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది. చెప్పాల్సింది చెప్పింది. తర్వాత కంప్యూటరులో ఏదో చూసి, అక్క వైపు తిరిగింది.

"మీకు పోయినేడాదే వ్యానులో తీశారు. మళ్ళీ రమ్మని రెండుసార్లు పిలిచినట్టు రాసుంది. చెప్పామని కూడా ఉంది. ఎందుకు రాలేదమ్మా?"

అక్క నా వైపు తిరిగింది. నేను నేల చూశాను. ఆ గదిలో నేల పలకలు బూడిద రంగువి. ఒక దాని మూల విరిగి ఉంది. ఎంతసేపు చూశానో తెలియదు.

"అవును మా. పిల్చినారు" అంది అక్క. గది బయట కూర్చున్న వాళ్ళందరికీ వినపడేట్టు అంది. "తంబి చెప్పినాడు. నేనే రాలేదు. మగ్గాల పని, తీరలేదు."

డాక్టరమ్మ ఆమెను కోప్పడింది. చదువు లేకపోతే పోయె, చెప్పిన మాటైనా వినాలి కదా అంది. అక్క తల ఊపుతూ విన్నది. నేను కూడా విన్నాను.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు ఆమె నా చెవి దగ్గరికి వంగింది. ఆమె గుసగుసగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. అలవాటు లేక గొంతు గరగరలాడింది.

"ఆ సంచి అప్పటినుంచీ నీ డెస్కులోనే ఉండాదా?"

"ఉండాదక్కా."

"మళ్ళా రమ్మని కూడా చెప్పినారా?"

"చెప్పినారు."

ఆమె డబ్బా తీసింది. మూత తీయలేదు. చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"ఎవురికీ చెప్పొద్దు. ఆడోళ్ళందరూ నీ నంబరే ఇచ్చినారు. నీమీద నమ్మకం పోతే రేపు నిజంగా పిలుపు వచ్చినా ఎవురూ కదలరు." డబ్బాను చీర మడతలో దోపుకుంటూ మళ్ళీ అంది. "ఇంక ఎవురి మాటా సగం మింగొద్దు తంబీ."

నేను తప్పైపోయిందని కూడా అనలేదు. అనాలని తెలుసు.  లేచి ఆమెకు టీ తెచ్చాను.

కార్డు మరుసటి వారం వచ్చింది. ఆదాయం సర్టిఫికెట్టుకు తక్కువైన సంతకం అరగంటలో దొరికింది. కలెక్టరాఫీసులో ఫోటో తీసి అప్పుడే నంబరు ఇచ్చారు. ఒక్క పూట పని. ఆపరేషను, మందులు ఆ కార్డు మీదే జరిగాయి. రైలు చార్జీలు, పోయిన కూలి ఏ కార్డులోనూ ఉండవు.

మందు ఎక్కిస్తే జుట్టు రాలిపోతుందని నర్సు చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. మొదటి విడతకు ముందు రోజు కొండకు పోయి గుండు చేయించుకుంది. మంగలి ఏం మొక్కమ్మా అని అడిగితే, "మొక్కేం లేదు నాయనా. ఎట్లా పోయేదే, మందుకు ఇచ్చే బదులు సామికి ఇస్తా ఉండా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూతురు నవ్వలేదు.

కూతురికి తల్లి మీద కోపం. ఆ కోపం నా ముందే చాలాసార్లు బయటపడింది. ఒకసారి మందు ఎక్కుతుండగా మంచం పక్కన నిలబడి అంది. "పిలిస్తే పోవాల్సిందే కదమ్మా. నీకోసరం కాకపోయినా నాకోసరం పోవాల్సింది."

"పోవాల్సిందే" అంది అక్క.  నేను మంచం ఇటు పక్క నిలబడి సీసాలోంచి దిగే చుక్కలు చూశాను.

ఆ తర్వాత వ్యాను వాళ్ళ నుంచి వచ్చే ప్రతి ఫోనునూ ఒక నోటుబుక్కులో రాసుకుని, ఆ ఇంటికే పోయి, రెండు మాటలూ చెప్పడం మొదలుపెట్టాను. వెళ్ళిన వాళ్ళలో ఇద్దరికి ఏమీ లేదని తేలింది. అక్కకు చెబితే, "చూసినావా, చాలామందికి ఏమీ ఉండదు అని ఆ పాప చెప్పింది నిజమే" అంది. వెక్కిరింపు కాదు. సంతోషంగానే అంది.

చివరి నెలల్లో గొంతు తగ్గిపోయింది. వీధిలో అందరూ అదే అనేవాళ్ళు, అక్క గొంతు వినపడక ఇల్లు బోసిగా ఉందని. నా అంగడిలో కాపీలు శుభ్రంగా వస్తున్నాయి. ఒక మధ్యాహ్నం కూతురు ఫోను చేసింది. నేను ఎవరిదో పింఛను దరఖాస్తు నింపుతున్నాను. అది పూర్తి చేసి, రసీదు ఇచ్చి, అప్పుడు వెళ్ళాను. ఎందుకలా చేశానో తెలియదు. చేతులు వాటంతటవే టైపు చేశాయి.

కర్మ రోజు భోజనాల దగ్గర ఆ మాట మొదటిసారి వచ్చింది. పిల్చినా పోలేదంట. ఆమె ముందుండి తీసుకుపోయిన ఆడవాళ్ళే అన్నారు. కూతురు విస్తళ్ళు వేస్తూ, "మొండిది. ఎవురి మాటా విన్లేదు" అంది. నేను తింటున్నాను. అక్క చెప్పొద్దంది కదా అనుకున్నాను. ఆమె నాకోసం ఆడిన అబద్ధం వెనక అలా ఆరు నెలలు దాక్కున్నాను. ఆమె నా నంబరును కాపాడమంది. నేను నన్ను కాపాడుకున్నాను.

పోయిన నెల కూతురు అంగడికి వచ్చింది. ఆధార్ ప్రింటు కావాలంది.

"డాక్టరమ్మ చెప్పింది మామా. అమ్మకు వచ్చింది కాబట్టి నేను నలభై దాకా ఆగకూడదంట. కంపెనీ ఇన్సూరెన్సు అడిగితే, ఆస్పత్రిలో పడుకుంటేనే ఇస్తారంట, ఊరికే పరీక్షకు ఇయ్యరంట. ఎంత అవుతాదో ఏమో."

"పెద్దాసుపత్రిలో ఏమీ అడగరమ్మా. కార్డు కూడా వద్దు. నేను వస్తా" అన్నాను.

అదే లోకల్ రైలు, అదే వరండా. బెంచీల నిండా ఆడవాళ్ళు. పేరు పిలిస్తే లోపలికి వెళ్ళింది. అరగంటకు బయటికి వచ్చి నా పక్కన కూర్చుని, సంచిలోంచి ఒక డబ్బా తీసింది. ఆ తలనొప్పి మందు డబ్బా. మూత తీసి నుదుట పెట్టుకోబోతూ అంది.

"లోపల పౌడరు తుడుచుకో అన్నారు. నేను విభూతి కూడా తుడిచేసినా మామా. అమ్మ అది కూడా చెయ్యలేదు కదా. పైగా పిలిస్తే పోలేదు. మొండిది."

"అమ్మ మొండిది కాదమ్మా" అన్నాను.

ఆమె చెయ్యి నుదుటి దగ్గరే ఆగింది.

"అమ్మను పిల్చినారు. కానీ ఫోను వచ్చింది నాకు. నేను అమ్మకు చెప్పలేదు. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ చెప్పలేదు. కార్డు కాగితాలు నా సొరుగులో పడుండాయి, ఆ సిగ్గుకు చెప్పలేదు. డాక్టరమ్మ అడిగితే నేనే రాలేదని అమ్మ అబద్ధం చెప్పింది. నాకోసరం చెప్పింది."

ఇదంతా నేను లోగొంతుతో అన్నాను. ఆమె డబ్బా మూత పెట్టింది. గట్టిగా, రెండుసార్లు నొక్కి పెట్టింది. నా వైపు చూడలేదు.

"మా అమ్మ మొండిదని డాక్టరమ్మ దగ్గర్నించి ఊరంతా గట్టిగా అన్నారు" అంది. "నువ్వూ గట్టిగా చెప్పు మామా."

నేను లేచి నిలబడ్డాను. షెడ్డులో పని చేసిన గొంతు కాదు నాది. అయినా వరండా చివరి బెంచీ దాకా వినపడేట్టు చెప్పాను. చీటీలు పట్టుకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలలు తిప్పారు.

"తప్పు నాది. మీ అమ్మది కాదు. పిల్చినారని నేను చెప్పుంటే మీ అమ్మ ఆ రోజే వచ్చుండేది. నేను చెప్పలేదు. తప్పైపోయింది తల్లీ. మన్నించు."